ఆ అందరిలో నేను లేను

అనురాధ టీచరు ముప్పయ్యొక్కేళ్లు రాజోలు చుట్టుపక్కల బళ్లలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. భర్త తాతబ్బాయికి నాలుగెకరాల కొబ్బరితోట. ఆవిడ ఒక్కరోజైనా పూజ మానని మనిషి. ఎక్కడో క్రైస్తవుడి శవాన్ని సొంత ఊళ్లో పూడ్చనివ్వలేదనో, క్రిస్మస్ పాటలు పాడుతున్న పిల్లల్ని కొట్టారనో టీవీలో చూస్తే ఒళ్లు మండేది. "సిగ్గు లేదండీ మనకి!" అని, ఆ తరవాత అన్నం వడ్డించేవారు. మన కోనసీమలో అలాంటివి జరగవులే అని ధీమా.

మొన్న ఫిబ్రవరిలో ఆ ధీమా పోయింది. వీధి చివర నర్సు లిడియా ఇంట్లో ప్రతి శుక్రవారం సాయంత్రం పదకొండు మంది ఆడవాళ్లు ప్రార్థన చేసుకుంటారు. అక్కడ మతం మారుస్తున్నారని ఎవరో అర్జీ పెట్టారు. విచారణ అయ్యేదాకా ప్రార్థన ఆపమని తహసీల్దారు ఆఫీసువాళ్లు తలుపుకి నోటీసు అంటించారు.

అనురాధ ఆ ఆఫీసుకి వెళ్లి అర్జీ చూపించమన్నారు. "గ్రామంలోని హిందువులందరి తరఫున" అని మొదలైంది. కింద నలభై సంతకాలు. మూడోది తాతబ్బాయిది.

ఇంటికొచ్చి, చెప్పులైనా విప్పకుండా భర్తని నిలదీశారు.

"లిడియా ఎవర్ని మార్చిందండీ? ఒక్క పేరు చెప్పండి."

"కుర్రాళ్లు కాగితం తెచ్చేరు. మనవాళ్లంతా పెట్టేరు. నేనొక్కణ్ణీ కాదంటే బాగుంటుందా?"

"చదివేరా?"

"లేదు."

"అందరి తరఫునట! నన్నెవరడిగేరు? రేపు వాళ్లని కొడితే అదీ నా తరఫునేనా?"

ఆవిడ అప్పటికప్పుడు కాగితం తీసి, "నేను హిందువుని. ఆ అందరిలో నేను లేను" అని రాసి సంతకం పెట్టి, ఆఫీసులో ఇచ్చి వచ్చారు.

అటునుంచి అటే లిడియా ఇంటికి వెళ్లారు. "నీ మొహం చూడాలంటే సిగ్గుగా ఉందమ్మా" అన్నారు.

"మీరు సిగ్గుపడితే నాకేం ఒరుగుతుందండీ? ఆ నలభై మందిలో సగం మంది బీపీ ఎంతో నాకు నోటికొచ్చు. నన్ను ఒక్క మాట అడిగేరా?" అంది లిడియా. "శుక్రవారం ఎవరొచ్చినా రాకపోయినా నేను ప్రార్థన చేసుకుంటాను. మీరొచ్చి కూర్చోండి."

"ఆయ్, వస్తాను."

శుక్రవారం లిడియా ఇంటి అరుగు మీద అనురాధ కుర్చీ వేసుక్కూర్చున్నారు. ఫోన్లు పట్టుకుని ముగ్గురు యువకులు వచ్చారు. ఇద్దరు ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్లే.

"మీరు మన మతానికి ద్రోహం చేస్తున్నారండీ, టీచరు గారూ."

"ఒకరి ఇంట్లో దీపం ఆర్పమని ఏ పూజలో ఉందిరా? తియ్యండి వీడియో. నా మొహం బాగా పడాలి!"

వాళ్లు తీశారు. ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. రెండిళ్లవాళ్లు ఆవిణ్ణి పేరంటానికి పిలవడం మానేశారు.

విచారణకి తాతబ్బాయి కూడా వెళ్లాడు. చదవకుండా సంతకం పెట్టానని అధికారి ముందు ఒప్పుకున్నాడు. అర్జీ పెట్టినవాళ్లు మతం మారిన మనిషిని ఒక్కరినీ చూపించలేకపోవడంతో ఏప్రిల్లో నోటీసు తీసేశారు. పదకొండు మందిలో ఆరుగురే తిరిగొచ్చారు. మిగతావాళ్లకి భయం పోలేదు.

"గెలిచేరు కదండీ" అని ఎవరో అంటే అనురాధ మండిపడ్డారు.

"లిడియా తన ఇంట్లో తను ఎవరి అడ్డూ లేకుండా కళ్లు మూసుకుని కూర్చోడానికి రెండు నెలలు పట్టింది. ఇదేం గెలుపండీ?"