నాది కాదన్న రుమాలు

మొన్న మా కోడలు అటక సర్దుతూ పాత ట్రంకుపెట్టె తెరిచి, "మామయ్యా, గీ పెట్టెల నూనె ఒలికినట్టున్నది" అంది. ఒలకలేదు. అది మా నాయిన నేసిన తేలియా రుమాలు వాసన. ఆముదపు కాయల బూడిద నీళ్లలో, నూనెలో నూలును రోజుల తరబడి నానబెట్టి పిసికితే గానీ దానికి ఆ ఎరుపు పట్టదు. మోత్కూరు దగ్గరి మా ఊళ్లో ఆ రోజుల్లో కొత్త పెళ్లికొడుకు కూడా నూనె వాసనే వేసేవాడు.

పంతొమ్మిది వందల అరవైల్లో మిల్లు మగ్గాల చదువుకు నన్ను ఇంగ్లండు పంపారు. చేతిమగ్గం కొంప ముంచే చదువుకు చేతిమగ్గం నేసేవాడి కొడుకే వెళ్లడం, అదో విడ్డూరం. బయలుదేరేటప్పుడు నాయిన తను నేసిన రుమాలొకటి నా మెడకు చుట్టి, "చలి దేశం పోతున్నవ్ బిడ్డా. ఎవలన్న అడిగితే మా నాయిన నేసిండని చెప్పు" అన్నాడు.

వేసవి సెలవుల్లో కుర్రకారంతా కలిసి యూరప్ చూసొచ్చే బస్సు యాత్ర ఉంటే నేనూ ఎక్కాను. ముప్ఫైమందిలో నల్లవాణ్ణి నేనొక్కణ్ణే. వాళ్లలో ఒకడిలా కనబడాలని నా తాపత్రయం. మూడో రోజు స్విట్జర్లాండు కొండలెక్కుతుంటే వాన పట్టింది, అద్దాలన్నీ మూశారు. ఆ ఉక్కకు రుమాలు వాసన బస్సంతా కమ్మింది. ఇంజను నూనె కారుతోందనుకుని డ్రైవరు పాపం వానలో దిగి బండి కిందికి దూరి వెతికాడు. నాకు నవ్వు కూడా వచ్చింది. చివరికి మా గైడమ్మ నా నెత్తిమీది అరలోంచి రుమాలు లాగి, ముక్కు మూసుకుని, ఇదెవరిదని అడిగింది. అందరూ నావైపే చూశారు. నాది కాదన్నాను. ఇంగ్లీషులో, చాలా చక్కగా అన్నాను.

ఎవరిదీ కాకపోతే ఇంకేం, డ్రైవరు తీసుకున్నాడు. మిగిలిన తొమ్మిది రోజులూ నా కళ్లెదుటే దానితో అద్దం తుడిచాడు. ఎర్రరంగు ఇసుమంతైనా వెలవలేదు. పారిస్ చూశావా, రోమ్ చూశావా అని అడుగుతారు. నేను చూసింది ఆ గుడ్డనే. ఒక్క మాట అంటే తిరిగి ఇచ్చేసేవాడు. ఛీ, ఆ మాట నా నోట రాలేదు.

చదువు ముగించి ఇంటికి రాగానే నాయిన అడిగింది అదే. "రుమాలేదిరా?"

"ఒక దొర మస్తు ముచ్చటపడ్డడు నాయినా, ఇచ్చేసిన."

ఆయన మొహం వెలిగిపోయింది. అంగడిలో కనబడిన వాళ్లందరికీ చెప్పుకున్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. కళ్లు సరిగా ఆనకపోయినా నెలన్నర కూర్చుని ఇంకోటి నేశాడు. "ఉన్న ఒక్కటి ఉతికిననాడు ఏం చుట్టుకుంటడు పాపం? గిది గూడ గా దొరకు పంపు బిడ్డా."

పంపానని చెప్పి ట్రంకులో దాచాను. ఆయన నేసిన ఆఖరి రుమాలు అదే. "అందిందని జాబు రాసిండా?" అని పోయేదాకా అడుగుతూనే ఉన్నాడు.

కోడలు రుమాలు మడత విప్పి, "ఎవలది మామయ్యా గిది?" అంది.

"నాదే" అన్నాను. ఆ కొండమీది బస్సు నుంచి నా నోటిదాకా రావడానికి ఆ ఒక్క మాటకు అరవై ఏళ్లు పట్టింది.