మగ్గాల హోరులో థాయ్ గీతం

మా మేనమామ పాడేటప్పుడు ఒక చెవిని అరచేత్తో మూసుకునేవాడు. మరమగ్గాల మధ్య పెరిగినవాళ్లకు తమ గొంతు తమకు వినిపించాలంటే అదొక్కటే దారి.

ఆయన చాలా ఏళ్లుగా బ్యాంకాక్‌లో బట్టల దుకాణంలో పనిచేస్తున్నాడు. థాయ్ పౌరుడు కావాలంటే అధికారుల ముందు ఆ దేశపు జాతీయగీతం పాడాలట. సెలవుకు ముంబై దగ్గర మేముండే భివండి వచ్చినప్పుడు, ఎవరికీ వినిపించకుండా మా కార్ఖానా చప్పుడులో సాధన చేసేవాడు.

ఒక మధ్యాహ్నం చటుక్కున కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఆగాయి, మామయ్య ఆగలేదు. ఆ పాట షెడ్డంతా మోగింది! నలుగురిలో నోరు విప్పని నేనే మొదట చప్పట్లు కొట్టాను.

"వారెవ్వా! ఏ ఊరి రాజువే నువ్వు?" అని పనివాళ్లు ఈలలు వేశారు.

ఆ పాట ఎందుకో తెలిసిన అమ్మ మాత్రం నవ్వలేదు. "గా దేశపోడివైతే మన పాస్‌పోర్టు తీస్కుంటరంట గద. ఇగ మాకేమైతవ్‌రా తమ్మీ?"

మామయ్య ముఖం వాడింది. "వీసా తీస్కొని వచ్చే చుట్టాన్నయిత అక్కా."

"చుట్టానివైతే కుర్చీల కూసో, చాయ్ ఇస్త. తమ్మునివైతే నీళ్లు పట్టుకరా పో, నల్లా వచ్చింది."

మామయ్య రెండు బిందెలూ లాక్కుని నల్లా దగ్గరికి పరుగెత్తాడు.