చీపురు చేతిలో వదిన గొంతు

మా షాపు గది ఒకటే, వ్యాపారాలు రెండు. ఎడమ గోడ నాది, గడియారాలు. కుడి గోడ అతనిది, ఫోన్లు. మధ్యలో ఉన్న ఒక్క ఫ్యాను ఎవరి వైపు తిరగాలన్నదే మా ఇద్దరికీ రోజూ తగువు. అతని అసలు పేరు అద్దె కాగితం మీద ఉంటే ఉండొచ్చు. వీధిలో అందరికీ అతను చీపురు.

ఆ పేరు ఊరికే రాలేదు. ఎవరు ఏ రోగంతో ఫోను తెచ్చినా ముందు ఊడవడమే అతని వైద్యం. "ఏం పిన్నీ, ఈ గుడ్ మార్నింగు పువ్వులన్నీ దాచుకుని ఏం చేస్తావు, దండ గుచ్చుతావా?" అంటూనే సగం ఖాళీ చేసేసేవాడు. ఇక తన ఫోనైతే అద్దంలా ఉండేది. వాయిస్ మెసేజి విన్నాడా, తుడిచాడా, అంతే. "విన్నదేగా, మళ్ళీ దేనికి?" అనేవాడు. నేను పాత గడియారాల ముళ్ళు కూడా పారెయ్యలేక డబ్బాల్లో దాచుకునే రకం. మా ఇద్దరికీ ఒకే గది రాసిపెట్టడం ఆ పైవాడి వేళాకోళం.

ఊడవడం అతనికి తిండి పెట్టే పని. ప్రాణం పెట్టే పని వేరే ఉంది. కంపెనీవాళ్ళు వదిలేసిన పాత ఫోన్లలో వేరే వాళ్ళు తయారుచేసిన తేలికపాటి సిస్టమ్ ఎక్కించి వాటిని మళ్ళీ పరిగెత్తించేవాడు. అందులోనూ పాతదాన్ని తీసెయ్యడు. ఫోను లోపలి జాగాను రెండు భాగాలు చేసి, ఒకదాంట్లో పాత సిస్టమ్ ఉంచి, రెండోదాంట్లో కొత్తది పెడతాడు. ఫోను తెరవగానే ఏది కావాలని అడుగుతుంది. "ఇంట్లో అడ్డగోడ కట్టి పక్కన కొత్త కాపురం పెట్టినట్టు" అని వచ్చినవాళ్ళకి చెబుతుంటే మొహం వెలిగిపోయేది.

"జనం నిద్రపోతున్న ఇంట్లో గోడ కడతావు, ఎవడి మీదైనా ఇటుక పడితే?" అనేవాణ్ణి.

"నువ్వు ముళ్ళు తిప్పుకో బాబాయ్" అనేవాడు.

అతనికి అమ్మ గుర్తు లేదు. వదిన కాపురానికి వచ్చేసరికి పలక పట్టుకుని బడికి వెళ్ళే వయసు. తల దువ్వింది ఆవిడే, వీపు మీద ఒకటిచ్చి లెక్కలు చేయించింది ఆవిడే. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని వీధిలో ఆడవాళ్ళందరి బట్టలూ కుట్టేది. సగం మంది బట్టల కోసం వచ్చేవాళ్ళు, సగం మంది ఆవిడ మాటల కోసం వచ్చేవాళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆవిడ నోరు మంచిదే, కాకపోతే కాస్త పెద్దది. మరిదిని పిలిచిందంటే నాలుగిళ్ళ అవతల నా దాకా వినిపించేది.

అలాంటి మనిషి గొంతులో గడ్డ లేచింది. ప్రాణం దక్కుతుంది కానీ మాట దక్కదన్నారు డాక్టర్లు. ఆస్పత్రిలో ఒకావిడ పుణ్యం కట్టుకుని ఒక దారి చెప్పింది. ఆపరేషనుకి ముందే కావలసిన మాటలన్నీ ఫోనులో రికార్డు చేసి పెట్టుకోవచ్చట. తెర మీద గళ్ళుంటాయి. గడి నొక్కితే మన మాట మన గొంతుతోనే పలుకుతుంది.

కిటికీలకి దుప్పట్లు కుక్కి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ వదినా మరిదీ మాటలు దాచారు. ఆగు, వద్దు, రండి కూర్చోండి. మొగుడికి "వింటున్నారా?" కూతురికి "బంగారూ, అమ్మ దగ్గరికి రా." కొలత సరిపోలేదని పోట్లాడేవాళ్ళకి "జాకెట్టు బిగిసిందా, నువ్వు ఒళ్ళు చేశావా?" ఆఖరున మరిదికి ఒకటి: "ఒరేయ్ చీపురూ, ముందు తిను, తర్వాత ఊడుద్దువుగానీ." చివర్లో ఆవిడకి నవ్వాగలేదు. మళ్ళీ చెబుతానంది. వద్దు, నవ్వుతోనే ఉండనీ అన్నాడు.

ఆపరేషను బాగానే జరిగింది. ఫోనుకి పూల గుడ్డతో సంచి కుట్టుకుని మెళ్ళో వేసుకుంది. వీధి మెల్లగా అలవాటు పడింది. నేనూ పడ్డాను.

అయితే ఫోను ముసలిదైంది. గడి నొక్కాక మాట తీరిగ్గా వచ్చేది. "రండి కూర్చోండి" అనేది చుట్టాలు చెప్పులేసుకుంటున్నప్పుడు వినిపించేది. "వద్దు" అనేది గ్లాసు నిండి టీ పొర్లిపోయాక పలికేది. అందరూ నవ్వేవాళ్ళు, ఆవిడా నవ్వేది. ఒకనాడు పిల్ల బంతి వెనకాల రోడ్డు మీదికి పరిగెత్తింది. ఆవిడ "ఆగు" నొక్కింది. ఎదురుగా వస్తున్న స్కూటరు కీచుమని ఆగి, బండివాడు నాలుగు తిట్లు తిట్టి వెళ్ళిపోయాక, అప్పుడు పలికింది సంచిలోంచి, ఆగు అని. పిల్లకి గీత కూడా పడలేదు. తల్లి మాత్రం గుమ్మంలో కూలబడిపోయింది.

"వదినా, ఒక్కరోజు ఇయ్యి. కొత్త సిస్టమ్ పెడతా, నొక్కగానే పలుకుతుంది. పాతదీ పక్కనే ఉంటుంది" అన్నాడు చీపురు.

ఆవిడ ఫోను వైపు చూపించి, గొంతు మీద చెయ్యి పెట్టుకుని, అరచెయ్యి తిప్పింది. మరి నా మాటలో?

"అన్నీ ముందే కాపీ తీస్తాలే వదినా. నా మీద నమ్మకం లేదా?"

మెళ్ళోంచి సంచి తీసి అతని చేతిలో పెట్టింది.

ఆ పని నా కళ్ళ ముందే జరిగింది. ఫోనుని కంప్యూటరుకి తగిలించి ఫొటోలు తీశాడు, పాటలు తీశాడు. రికార్డింగులని ఒక అర కనిపిస్తే అందులో ఉన్నదంతా తీశాడు. ఒకటి తెరిచాడు కూడా. వదిన గొంతు ఖంగుమని ఒక్క ముక్క వినిపించింది. వెంటనే ఆపేశాడు. ఉన్నాయి, చాలు అనుకున్నాడు. ఇంకొక్క క్షణం విని ఉంటే ఈ కథే లేదు.

అవి ఆ మాటలు కావు. కొలతలు! టేపు పట్టుకున్న చేతులతో రాయలేక, ఎవరి కొలత తీసినా పైకి చెప్పి ఫోనులో రికార్డు చేసుకోవడం వదినకి ఎన్నేళ్ళనుంచో అలవాటు. కష్టపడి దాచుకున్న మాటలు మాత్రం ఆ గళ్ళ యాప్ తన కడుపులోనే పెట్టుకుంది. కంప్యూటరుకి ఆ గది కనిపించదు. ఈ సంగతి చీపురుకి తెలుసు. తెలిసినవాడే ధీమాగా మర్చిపోతాడు.

జాగా చీల్చాడు, కొత్త సిస్టమ్ ఎక్కించాడు. పాతదాన్ని తెరిస్తే అది మొరాయించింది. లోపలి సమాచారం చెడింది, అంతా తుడిచి మొదలుపెట్టాలి అని చెప్పి, కింద ఒకే ఒక బటన్ చూపించింది. కాపీ ఉందిగా అని నొక్కాడు. చీపురు కదా, తుడవమంటే చెయ్యి ఆగదు.

కాపీ తెరిచి వింటే "పంతులమ్మ, భుజం పద్నాలుగు, చెయ్యి పదీ పావు" అని వచ్చింది. ఇంకొకటి తెరిచాడు. నడుము. ఇంకొకటి. మెడ వెనక లోతు. ఆ తర్వాత తెలిసిన ఉపాయాలన్నీ చేశాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే అదే. లోపల ఉన్నది తాళం వేసి ఉన్న సమాచారమట, తుడిచినప్పుడు తాళంచెవి కూడా పోయిందట. ఇక దేవుడు దిగి వచ్చినా రాదన్నాడు.

"ఇంటికెళ్ళి ఉన్నమాట చెప్పు" అన్నాను.

తలూపాడు. వెళ్ళి లేనిమాట చెప్పాడు. నేను చెయ్యి పెట్టకముందే ఫోను చచ్చి లేచింది వదినా, లోపలివన్నీ పోయాయి, పాతదైపోయింది కదా అన్నాడట. ఆవిడ ఖాళీ గళ్ళని ఒక్కొక్కటే నొక్కి చూసిందట. తర్వాత అట్టముక్క మీద సుద్దతో రాసి చూపించింది: నువ్వేం చేస్తావురా, వస్తువన్నాక పోతుంది. అన్నం తిను.

ఆ మాట నాతో చెప్పి బల్ల మీద తల పెట్టుకున్నాడు. "తిట్టినా బాగుండేది బాబాయ్. తిట్టు కూడా నేనే తుడిచేశాను."

యంత్రం గొంతు ఒకటి పెట్టిచ్చాడు. టైపు చేస్తే చదువుతుంది. నొక్కగానే పలుకుతుంది, వేగానికి వంక లేదు. లిఫ్టులో తలుపులు మూసుకుంటున్నాయని చెప్పే ఆవిడలా ఉంటుంది. పిల్ల మొదటిసారి విని మంచం కిందికి దూరింది. "ఆ ఆంటీని పొమ్మను బాబాయ్. అమ్మని పిలవమను" అని చీపురు కాళ్ళు పట్టుకుంది. అమ్మ పిలిచినప్పుడల్లా చెవులు మూసుకునేది. వదిన పిలవడం మానేసింది. అవసరమైతే చప్పట్లు కొట్టేది.

అప్పటినుంచి ఆ ఇంట్లో అతను తేలు కుట్టిన దొంగలా తిరిగాడు. అన్న పలకరిస్తే ఉలిక్కిపడేవాడు. షాపులో ఫ్యాను నా వైపు తిప్పుకున్నా గొడవ పెట్టుకోలేదు. అది చూసే నాకు భయమేసింది.

"కొలతలేగా మిగిలింది, ఆ కొలతల్లోనే ఆవిడ మాటలు వెతుకు" అన్నాను. కత్తిరింపుల కుప్పలో వెతికినా పనికొచ్చే గుడ్డముక్క ఒకటి దొరక్కపోదు.

చెవుల్లో తీగలు పెట్టుకుని రోజుల తరబడి విన్నాడు. వీధిలో ఆడవాళ్ళందరి కొలతలూ అతని చెవిలో పడ్డాయి, పాపం ఎవరి మొహమూ చూడలేకపోయేవాడు. అయితే కొలతల మధ్యలో వదిన వదినే కదా, నోరు ఊరుకోదు. "ఆగు, కదలకు" అని ఎవరినో కసిరింది. ఆగు దొరికింది! "బంగారూ, సూదులున్నాయే, ఇటు రాకు" అని ఒకచోట. రాకు అన్నది కోసేసి, బంగారూ అన్న పిలుపు మాత్రం ఉంచాడు. ఎవరికో వద్దంది, ఎవరినో కూర్చోమంది. ఒక్కొక్క మాటే పత్తి ఏరినట్టు ఏరుతుంటే మొహంలో కాస్త కళ వచ్చింది. ఇవి ఇచ్చేస్తే చాలు, జరిగింది చెప్పనక్కర్లేదు అన్న ఆశ కూడా ఆ కళలో ఉందని నాకనిపించింది.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి తీగలు పీకేశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. మళ్ళీ పీకి, ఒకటి నా చెవికిచ్చాడు.

ఎవరో జాకెట్టు కొలతిస్తూ, ఫోను రిపేరుకి ఇవ్వాలంటే భయంగా ఉందొదినా, లోపలున్నవి పోతాయేమో అంటోంది. టేపు చప్పుడు. తర్వాత వదిన గొంతు, గుండెల నిండా ధీమాతో: "మా చీపురు చేతికిస్తే ఏదీ పోదమ్మా. నేను పెంచినవాడు." ఆ వెంటనే, చంక పదిహేడు.

అతను ఏడవలేదు. పొద్దున ఇంటినుంచి తెచ్చుకున్న వదిన ఫోనులోకి ఏరిన మాటలూ, ఆ రికార్డింగూ ఎక్కించాడు. కంప్యూటరు ఆపి, పూల సంచిలో ఫోను పెట్టుకుని పట్టపగలే షాపు వదిలి ఇంటికెళ్ళాడు. వదిన మిషను మీద ఉంది. ఎదురుగా నేల మీద కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాడు. నేను కాపీ చూసుకోలేదు వదినా. తుడిచింది నేనే. ఫోను దానంతటది పోలేదు, నీకు అబద్ధం చెప్పాను. చెప్పి ఆ రికార్డింగు వినిపించాడు, ముక్క కొయ్యకుండా, చంక కొలతతో సహా.

ఆవిడ విన్నది. ఫోను తీసి మెళ్ళో వేసుకుంది. మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

తర్వాత అందరితోనూ మాట్లాడింది. "బంగారూ" అని సంచిలోంచి వినపడగానే పిల్ల చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చి తల్లి ఒళ్ళో పడిందట. చుట్టుపక్కలవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారట. అతను గదిలోకి రాగానే మాత్రం ఆవిడ ఫోనుని సంచిలోకి తోసేసేది. కంచం పెట్టేది, నీళ్ళు పెట్టేది, మొహం పక్కకి తిప్పుకునేది. నోరు లేని మనిషి అలిగితే ఇల్లంతా వినిపిస్తుందని అప్పుడే తెలిసిందన్నాడు.

అన్న మధ్యలో పడి సర్దబోయాడు. "పోనీలేవే, చిన్నవాడు." ఆవిడ సుద్ద తీసి రాసింది: చెరిపినందుకు కాదు. పోయింది నా గొంతైతే, అబద్ధం చెప్పి నన్నే నమ్మించాడు.

ఇది కూడా నాకు చెప్పింది అతనే, దాచకుండా.

ఇప్పుడు మా షాపులో పద్ధతి మారింది. ఫోను తెచ్చినవాళ్ళని పక్కన కూర్చోబెట్టి, కాపీ తీసినవి వాళ్ళ చేతే తెరిపిస్తాడు. చివరిదాకా చూడండి, చివరిదాకా వినండి అంటాడు. జనం విసుక్కుంటారు. సగం మంది ఎదుటి వీధిలో షాపుకి పోయారు. గుడ్ మార్నింగు పువ్వులు కూడా అడక్కుండా తుడవడు.

మొన్నామధ్య వదిన కుట్టిన బట్టలు ఇవ్వడానికి మా వైపు వచ్చి, చాలాకాలం తర్వాత షాపు మెట్లెక్కింది. చీపురు లేచి నిలబడ్డాడు. లోపల ఒక ముసలాయన ఫోను ఇవ్వాలా వద్దా అని గింజుకుంటున్నాడు, మనవరాలి ఫొటోలున్నాయి బాబూ అంటూ. వదిన మరిదినీ, ముసలాయన్నీ చూసింది. సంచిలో చెయ్యి పెట్టి ఒక గడి నొక్కింది.

"మా చీపురు చేతికిస్తే ఏదీ పోదమ్మా. నేను పెంచినవాడు."

ముసలాయన నవ్వి ఫోను ఇచ్చేశాడు. ఆవిడ నవ్వలేదు. మరిది మొహంలోకి సూటిగా చూసి, మెట్లు దిగి వెళ్ళిపోయింది. ఆ గడి ఆవిడే సొంతంగా పెట్టుకుందట, అతని సాయం అడగలేదు.

దాన్ని ఇప్పటికీ వాడుతుంది. అతను ఎవరి ఫోను పట్టుకున్నా ఆవిడ పక్కనుంటే ఆ మాట వినిపిస్తుంది. అది దెప్పో, దీవెనో అడిగే ధైర్యం అతనికి లేదు. విన్నవాళ్ళంతా ఎంత అభిమానమో అనుకుంటారు. అతను మాత్రం తల దించుకుని, కాపీ తీసినవి మొదటినుంచి మళ్ళీ వినడం మొదలుపెడతాడు.