పిల్లమ్మ అంగడిలోని గుల్ల, సముద్రంలోని నత్త

బళేపేటలో పిల్లమ్మది గాజుల అంగడి. గాజులతో పాటు గవ్వలు, శంఖాలు కూడా అమ్ముతుంది. ఆమెకు గవ్వంటే కడిగి ఎండబెట్టి గోనెసంచిలో వచ్చే సరుకు, అంతే. అందులో ఒకప్పుడు ఒక ప్రాణి కాపురముండేదన్న ఆలోచన ఎన్నడూ రాలేదు. సముద్రం మొహం చూస్తే కదా పాపం!

అందుకే మనవరాలు స్పందన బడివాళ్లతో రామేశ్వరం టూరు పోతోందని తెలియగానే, ఐస్‌క్రీమ్ కోను ఆకారంలో, ఒంటినిండా వల అల్లినట్టున్న గుల్ల చూపించి, ఇట్లాంటిది దొరికితే ఏరుకురమ్మని చెప్పింది. ఎక్కడ దొరుకుతుందో కనుక్కుందామని, అక్కడి నుంచి సరుకు పంపే మార్తకు ఫోన్ చేసింది.

మార్త తమిళంలో ఉతికి ఆరేసింది. అంగడికి వచ్చేది ఖాళీ గుల్ల, నీళ్లలో ఉండేది బతికున్న నత్త. గొట్టంలాంటి దాని మూతిలో సూదిలాంటి పన్ను ఉంటుంది, ఆ పన్నులో విషం. చేప దగ్గరికి రాగానే గుచ్చుతుంది, చేప బిగుసుకుపోతుంది. నత్తనడకతో చేపను పట్టాలంటే ఆ మాత్రం ఆయుధం ఉండొద్దూ! మనిషి చేత్తో తీస్తే బెదిరి మనిషినీ గుచ్చుతుంది. విరుగుడు లేదు, ప్రాణాలు పోయినవాళ్లున్నారు.

పిల్లమ్మ గుండె గుభేలుమంది. చేజేతులా పసిదాన్ని చావు దగ్గరికి పంపబోయింది గదా! స్పందనకైతే అప్పుడే చెప్పేసింది. మరి తక్కిన పిల్లల సంగతి? ఎవరో ఒకరు తీసి జేబులో వేసుకుంటే? మర్నాడు అంగడి మూసి నేరుగా బడికి నడిచింది.

పిల్లలు జడుసుకుంటారని, పెద్దవాళ్లు టూరు మాన్పిస్తారని టీచరు రాధిక నసిగింది.

"జడుసుకోనీమ్మా. చెప్పనిచ్చేదాకా నేనీడ్నుంచి లేచేది లేదు," అని పిల్లమ్మ బెంచీ మీద కూర్చుండిపోయింది. ఎవరెన్ని చెప్పినా కదల్లేదు.

చివరికి క్లాసులో గుల్లలు పరిచి అంతా చెప్పింది. వెడల్పు వైపు పట్టుకుంటే ఏమీ కాదు కదా అని ఒకడు తెలివి చూపించాడు. మూతి వెనక్కి కూడా తిరుగుతుందని వాడి నోరు మూయించింది. అట్లయితే రాయితో కొట్టేద్దామని ఇంకొకడన్నాడు. పిల్లమ్మకు కోపం వచ్చింది. అది దాని ఇంట్లో అది ఉంటే మనకేం పోయింది, ఆ విషం నుంచే డాక్టర్లు ఘోరమైన నొప్పులకు మందు తీశారు తెలుసా అని గదిమింది.

హరిణి అనే పిల్ల మెల్లగా లేచి, ఖాళీదో, లోపల నత్త ఉండాదో ఎట్ల తెలుస్తుందని అడిగింది.

"తెలీదు తల్లీ. నాకూ తెలీదు. అందుకే దేన్నీ ముట్టుకోవద్దు. కండ్లతో చూడండి, చాలు."

టూరు నడిచినన్ని రోజులూ పిల్లమ్మకు అన్నం సయించలేదు. బస్సు వచ్చి ఆగగానే స్పందన దిగి పరుగెత్తుకొచ్చింది. అక్కడ ఒకనాడు పొద్దున్నే రాళ్ల మధ్య నీళ్లలో అట్లాంటిదే కనబడిందట. ఖాళీదేనని అందరూ అనుకున్నారట. హరిణి వంగబోయి ఆగిపోయిందట.

"కొంచేపటికి అది నడిచిందవ్వా," అంది స్పందన.

పిల్లమ్మ ఆ నడివీధిలోనే మనవరాలిని వాటేసుకుని బావురుమంది.