మామయ్య తెచ్చిన కోట రాయి

కోట, ముట్టడి, ఫిరంగులు... అన్నీ ఉన్న వీరగాథ చెప్తాను, కూర్చోండి. అబ్బే, అంత లేదు. నేనొక రాయి మోశాను. అంతే. కానీ కృష్ణమ్మ మీద ఒట్టు, ప్రతి ముక్కా నిజం.

మొన్న వేసవిలో బెజవాడ నుంచి కొండపల్లి వెళ్ళాను, అమ్మమ్మ దగ్గరికి. అప్పటికే మామయ్య కొండ మీది కోటగోడలోంచి పీటంత రాయి ఊడదీసి తెచ్చి, స్నానానికని బావి దగ్గర వేశాడు. ఊళ్ళో సగం అరుగులు ఆ గోడవే. ఎవరూ తప్పనుకోరు. అమ్మమ్మ మాత్రం ఆ రోజు నుంచి బావివైపు వెళ్ళడం మానేసింది.

"మీ తాతయ్య ఉన్నన్నాళ్ళూ ఆ గోడకి కాపలా కాశారు. దాని మీద నన్ను కాళ్ళు కడుక్కోమంటావేంట్రా?"

"మామయ్యకి చెప్పొచ్చుగా."

"ముచ్చటపడి తెచ్చాడు. చిన్నబుచ్చుకుంటాడు. వాడు పడుకున్నాక మనమే పెట్టేసి వద్దాం."

ముందు నేను, భుజం మీద రాయి. వెనక అమ్మమ్మ, చేతిలో లాంతరు. దారిపొడుగునా ముళ్ళకంప నా బెల్‌బాటం ప్యాంటు పట్టుకుని లాగుతోంది. ఈ కొండ ఎన్ని సైన్యాలు ఎక్కాయో గానీ, ఆ ప్యాంటుతో ఎక్కి ఉండవు.

"రెడ్డిరాజులు కట్టారు, గోల్కొండ నవాబులు ఏలారు, ఆనక దొరలొచ్చారు. ఎందరు కొట్టుకున్నా ఒక్కడూ రాయి ఇంటికి పట్టుకుపోలేదనేవారు మీ తాతయ్య."

"వాళ్ళకి బావులు లేవేమో అమ్మమ్మా."

నవ్వింది. చాలా రోజులకి.

గోడలో ఖాళీ దొరికింది. అవతల లోయ. మనిషి నిలబడే చోటే లేదు. రాయి పెట్టాను... సగం వెళ్ళి ఆగింది. నెట్టాను. కదల్లేదు.

అప్పుడు... గోడ అవతల నుంచి... దగ్గు.

చిన్నది. గొంతు సవరించుకున్నట్టు. తాతయ్య కోట దిగొచ్చి, గుమ్మం ఎక్కేముందు అలాగే దగ్గేవారు. లోపల ఆడవాళ్ళకి తెలియాలని.

నా చేతులు రాయి మీదే ఉన్నాయి. నేను నెట్టడం లేదు. రాయి... మెల్లగా... గరగరమంటూ... లోపలికి జరిగింది. అవతల ఎవరో అందుకున్నట్టు.

వెనక్కి చూశాను. అమ్మమ్మ లాంతరు కింద పెట్టి, పమిట భుజం నిండా సర్దుకుంటోంది.

"మనవడు మోసుకొచ్చాడండీ," అంది గోడతో. "బాగా అలిసిపోయాడు."

అబద్ధమెందుకు, జవాబు కోసం నేనూ ఎదురుచూశాను.

దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. "దగ్గు ఇంకా తగ్గలేదు ఆయనకి," అంది.

రాయి దానంతటదే జారిందేమో. అవతల మేక ఉందేమో. మేకలు కూడా దగ్గుతాయట. నాకిప్పటికీ తెలీదు.

తెల్లారి అమ్మమ్మ బావి దగ్గరే స్నానం చేసింది. రాయి ఎవడో ఎత్తుకుపోయాడని మామయ్య కాసేపు ఊరిని తిట్టి, ఆ చోట సిమెంటు గచ్చు చేయించాడు.

సబ్బునీళ్ళు పడితే జారుతుంది.