పగడపు తోటకు పేనిన తాళ్లు

ఆ రేవులో వలలు బాగుచేసే పెద్దాయన్ని అందరూ చిక్కు మామ అనేవారు. వలలో చిక్కు విప్పడంలో ఆయన్ని మించినవాడు లేడు, మాటల్లో చిక్కు పెట్టడంలోనూ లేడు. చిరిగిన వల భుజాన వేసుకుని ఎవరొచ్చినా, "వల పాడైందా, నీ బుద్ధి పాడైందా, ముందు అది చెప్పు" అని దులిపేశాకే చెయ్యి వేసేవాడు.

ఆయన కూతురు ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేది. సెలవు దొరికితే మాత్రం సముద్రంలో మునిగేది. ఆమె, వీధి చివరి టైలరమ్మ, ఒక పడవ డ్రైవరు, ఇంకో ఇద్దరు ముగ్గురు కలిసి నీళ్ల అడుగున చిక్కుకున్న పాత వలల్ని పైకి లాగేవారు. పగడపు దిబ్బ రంగు ఎలా ఉంది, చేపలు వస్తున్నాయా లేదా అని వారం వారం చూసి వచ్చేవారు. వచ్చిన ప్రతిసారీ మొహాలు వేలాడేసుకునే వచ్చేవారు.

"రాళ్ల కోసం ఇంత ఏడుపేంటే?" అన్నాడు మామ ఒకరోజు.

"రాళ్లు కాదు నాన్నా, ప్రాణమున్నవి. చేపలకి అవే ఇళ్లు."

"అయితే అద్దె ఎవరికి కడుతున్నాయట?"

ఆ వెటకారం ఎన్నాళ్లో సాగలేదు. ఒక సాయంత్రం ఆమె తడి బట్టలతోనే గడపలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది. "అంతా తెల్లబడి చచ్చిపోయింది నాన్నా. ఒక్క గుబురు మిగిలింది. అదీ సగం పోయింది. ఇదీ పోతే విత్తనానిక్కూడా ఉండదు." కూతురు అలా ఏడవడం మామ ఎప్పుడూ చూడలేదు. ఆయన గుండె చెరువైపోయింది.

గుంపు వాళ్ల ఆలోచన ఒకటే. బతికున్న ఆ సగాన్నీ ఏమీ మిగల్చకుండా చిన్న చిన్న కొమ్మలుగా తుంచి, కాస్త లోతుగా, చల్లటి నీళ్లలో ఇనుప చట్రాల మధ్య తాళ్లు లాగి కట్టాలి. కొత్త ప్లాస్టిక్ సముద్రంలో వేయకూడదు కాబట్టి, పైకి లాగిన పాత వలల దారంతోనే ఆ తాళ్లు పేనాలి. అది మామ తప్ప ఇంకెవరివల్లా అయ్యే పని కాదు.

ఆయన ఒళ్లు దాచుకోలేదు. వలలు ఉతికాడు, పోగు పోగూ విప్పాడు, వేళ్లు పగిలేలా పేనాడు. తన షెడ్డులోంచి బయటికి వెళ్లే ప్రతి తాడుకీ చేసినట్టే వీటికీ చేశాడు. నాచూ గుల్లలూ పట్టకుండా రాగిమందు పీపాలో ముంచి ఆరేశాడు. పరాయివాళ్ల తాళ్లకి ఒకసారి, కూతురి తాళ్లకి మూడుసార్లు. ఆమె ఆ తాళ్లని చేత్తో పట్టుకుని చూసింది, ముచ్చటపడింది. పుట్టిన్నాటి నుంచీ ఆమెకు తాడంటే ఆ ఎర్రటి రంగే, ఆ వాసనే. అదెందుకలా ఉందని అడగాలని ఆమెకు తోచలేదు.

కట్టిన కొమ్మలు కొద్ది వారాలకే కొసలు మాడి, తర్వాత మొదళ్ల దాకా తెల్లబడ్డాయి. ఒక్కటీ మిగల్లేదు. నీళ్లు వేడెక్కాయేమోనని అనుకుని అందరూ మామ షెడ్డులోనే కూర్చుని తలలు పట్టుకున్నారు.

"విచిత్రమేంటంటే, ఇనుప చట్రాలకి బోలెడు నాచు పట్టింది, తాళ్లకి మాత్రం ఇంత కూడా లేదు. నిన్న పేనినట్టున్నాయి" అంది టైలరమ్మ.

మామ ఛాతీ పొంగింది. అంత దుఃఖంలోనూ తన పనిని ఒకరు మెచ్చుకున్నారు మరి.

"పట్టనిస్తానా? మూడుసార్లు ముంచాను రాగిమందులో! దాన్ని అంటుకున్న పురుగు బతికితే నా పేరు మార్చుకుంటా!"

కూతురి మొహం తెల్లబోయింది. మామ ఒక్కొక్కరినే చూస్తూ వచ్చాడు, ఎవరైనా నవ్వుతారేమోనని. తాడుకి పట్టే ప్రాణి ఏదైనా ఆయనకు శత్రువే. ఈ కొమ్మలు కూడా తాడుకి పట్టుకుని బతకాల్సిన ప్రాణులేనని ఆ పిచ్చి తండ్రికి అప్పుడు తట్టింది.

"పోన్లే మామా, తెలిసి చేశావా ఏంటి" అన్నాడు డ్రైవరు. తిట్టినా అంత నొప్పి ఉండేది కాదు. ఒక్కొక్కరే లేచి, చెప్పులు వెతుక్కుని వెళ్లిపోయారు.

"ముట్టుకుని చూశాను నాన్నా. నాకూ తట్టలేదు" అంది కూతురు.

ఆయన గబగబా పాత వలల కుప్ప ముందుకి లాక్కుని చిక్కులు తీయడం మొదలుపెట్టాడు. "మళ్లీ పేనుతానమ్మా. ఈసారి మందు చుక్క తగలనివ్వను. ఎన్ని కావాలంటే అన్ని పేనుతాను."

"పేనుదువుగాని నాన్నా. వాటికి ఏం కడదాం?"

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని ఆయనకు అనిపించింది.