మా ఇంట్లో అన్నీ సగమే

మా ఇంట్లో ఏ వస్తువైనా సగమే వాడాలని రూలు పెట్టింది నేనే. గాజులరామారంలో రెండు గదుల అద్దె ఇల్లు. మా ఆయన, నేను, మా అత్తమ్మ. లాల్‌గడి మలక్‌పేట్ దగ్గర కొత్త వెంచర్‌లో నూరు గజాల ప్లాటుకు నెలనెలా వాయిదాలు కడుతున్న రోజులవి. వరుసగా మూడు వాయిదాలు తప్పితే ప్లాటు పోతుందని కాగితంలో రాసి ఉంది. ఆ ఒక్క వాక్యాన్ని వంటింట్లోనూ బజార్లోనూ, ఎక్కడికి పోయినా వెంట మోసుకు తిరిగేదాన్ని.

సబ్బు కొనగానే రెండు ముక్కలు కోసేదాన్ని. అగరొత్తిని విరిచి పొద్దున సగం, సాయంత్రం సగం వెలిగిస్తే దేవుడు కూడా పాపం మాతోపాటే సర్దుకున్నాడు. పప్పు ముందే నానబెట్టి, కుక్కర్‌కు రెండు విజిల్స్ రాగానే పొయ్యి ఆర్పేసి, పాత తువ్వాలు చుట్టి పెడితే మిగతాది ఆ వేడికే ఉడికేది. కూరగాయలకు అంగడి సర్దేవేళ వెళ్ళేదాన్ని. అప్పుడైతే మిగిలిన టమాటాలు కుప్పగా ఇచ్చేస్తారు, ఏరుకునే ఓపిక మనకుండాలి. పిసినారినని ఆయన ఆటపట్టించేవాడు. అంటే అననీ. నాకు అందులో ఏదో మత్తు ఉండేది. పోపులో నూనె తగ్గించిన ప్రతిసారీ ఎక్కడో మా కోసం ఒక ఇటుక పేర్చినట్టు అనిపించేది.

సాయంత్రాలు మరీ బాగుండేవి. ఇల్లంతటికీ ఒక్క ఫ్యానే తిరగాలి కాబట్టి ముగ్గురం దాని కిందికే చేరేవాళ్ళం. చీకటి పడుతున్నా లైటు వేయకుండా, ఆ మసక వెలుతురులో మాటలతోనే ఇల్లు కట్టుకుంటూ పోయేవాళ్ళం. ఆయనకు మేడ మీదికి మెట్లు బయటినుంచి రావాలి. నాకు వంటింట్లో తూర్పు కిటికీ కావాలి. అత్తమ్మ తనకేమీ వద్దనేది. కాసేపయ్యాక మెల్లగా మొదలుపెట్టేది.

"నాకు చిన్న అర్ర ఉంటే సాలు బిడ్డా. తలుపు ఏసుకుంటే గది నాదే అన్నట్టుండాలె."

పుట్టింట్లోనూ అత్తింట్లోనూ, ఇప్పుడు మా దగ్గరా, ఆమె ఎప్పుడూ నలుగురు తిరిగేచోట మూలకు చాప పరుచుకుని పడుకున్న మనిషి.

నెలకో ఆదివారం ప్లాటు చూడటానికి పోయేవాళ్ళం. సుచిత్రలో ఒకసారి, మేడ్చల్‌లో ఒకసారి బస్సు మారాలి. ఆడవాళ్ళకు టికెట్ లేదు కనుక ఖర్చంతా ఆయన ఒక్కడిదే. దారి పొడవునా అత్తాకోడళ్ళం ఆ సంగతే చెప్పుకుని నవ్వేవాళ్ళం. తీరా అక్కడ చూస్తే నాలుగు హద్దురాళ్ళు, మోకాలెత్తు గడ్డి, అవతల దున్నిన చేలు. అయినా అత్తమ్మ చెప్పులు బయట విడిచే లోపలికి వచ్చేది. ఆయన ఎటుపడితే అటు నుంచి నడిచి వస్తే ఊరుకునేది కాదు.

"గోడలకెల్లి వస్తున్నవేందిరా? దర్వాజ గిక్కడుంది!"

మేము వంటిల్లనుకున్న చోట కూర్చుని సద్ది డబ్బా విప్పేవాళ్ళం. తిన్నాక గాలికి కళ్ళు మూతలు పడేవి. ఆ మగతలో పక్క గదిలో ఎవరో మసులుతున్నట్టు, గిన్నెలు సర్దుతున్నట్టు వినిపించేది. ఇంకా కట్టని ఆ ఇంట్లో పోయినంత హాయైన నిద్ర నేను మళ్ళీ ఎక్కడా పోలేదు.

ఎండలు ముదరకముందు ఒక ఆదివారం అత్తమ్మ తన గది అనుకున్న చోట నిలబడింది. "గీడ మంచం ఏస్తే..." అని చెయ్యి చాచి అక్కడే కూలబడింది. మాట ముద్దముద్దగా వస్తోంది. ఆయన ఆమెను ఎత్తుకుని రోడ్డు దాకా పరుగెత్తాడు. కూరగాయల ట్రాలీ ఆటో ఆయనెవరో ఆపి, మమ్మల్ని షామీర్‌పేటలో ఒక దవాఖానకు చేర్చాడు.

బీపీ బాగా పెరిగిందని, ఇంకాస్త ఆలస్యమైతే పక్షవాతం వచ్చేదని డాక్టరమ్మ చెప్పింది. బీపీ గోళీలు రోజూ వేసుకుంటోందా అని అడిగింది.

"ఏసుకుంటది మేడం. ఒక్కనాడు తప్పదు," అన్నాను నేనే, గట్టిగా.

అప్పటికి మాట తేరుకున్న అత్తమ్మ మంచం మీదినుంచి నా కొంగు పట్టి లాగింది.

"దినం ఇడిసి దినం ఏసుకుంటున్న బిడ్డా. నెల గోళీలు రెండు నెలలు వస్తున్నయి."

"గట్ల ఎవరు జెయ్యమన్నరు అత్తమ్మా?"

"ఎవ్వరు జెప్పలె. నువ్వు అన్నీ సగం జేస్తున్నవు గదా. నా దిక్కెల్లి నేను గూడ ఏమన్న జెయ్యాలె గదా."

ఆ ముఖంలో తప్పు చేసిన భయం లేదు. తన వంతు తాను ఇచ్చానన్న తృప్తి ఉంది. నాకు మాత్రం సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. ఎందుకంటే మాత్రల పట్టీ తొందరగా అయిపోవడం లేదని నేను గమనించాను. ఈ నెల కొనక్కర్లేదులే అని సంతోషించాను కూడా. ఎందుకు మిగులుతున్నాయని ఒక్కసారి అడగలేదు.

ఆ నెల వాయిదా డబ్బు దవాఖానకు, మందులకు సరిపోయింది. ఇంటికొచ్చిన రోజే అత్తమ్మ అడిగింది, వాయిదా కట్టారా అని. కట్టలేదని నిజమే చెప్పాను. ఒక్క నెల తప్పితే ప్లాటు పోదని ఆయన ఎంత చెప్పినా వినలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. తాను ఇన్నాళ్ళు మిగిల్చిందంతా మేము ఒక్కరోజులో పోగొట్టామని ఆమె కోపం. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ ఆయన ఇస్తేనే మందు వేసుకుంది.

మూడోనాడు పొద్దున ఆయన డ్యూటీకి పోయాడు. గోళీ, నీళ్ళ గ్లాసు తీసుకుని నేనే ఆమె ముందు నిలబడ్డాను.

"ఆడ పెట్టు, ఏసుకుంట. నువ్ పో," అంది.

నేను పోలేదు. ఆమె నన్ను తిట్టింది. తిడితే తిట్టనీ అనుకున్నాను. చివరికి గోళీ మింగి, చంటిపిల్లలా నోరు తెరిచి నాకు చూపించింది. చూసి, గ్లాసు తీసుకుని, అప్పుడు పోయాను.